గల్లీ వైపు తలుపు

మా నాచారం తెలుగు ప్రెస్బిటేరియన్ సంఘానికి యాభై ఏళ్లు నిండాయని సావనీర్ వేస్తున్నారు. సంఘ చరిత్ర రెండు పేజీల్లో రాసే పని నాకు అప్పజెప్పారు. ఉప్పల్‌లో తెలుగు టీచర్ని కాబట్టి తప్పులు దొర్లవని వాళ్ల ధీమా. "మొదటి బిల్డింగ్, రెండో బిల్డింగ్, మూడో బిల్డింగ్. ఫోటోల కింద నాలుగు నాలుగు లైన్లు చాలు సుష్మ మేడం. చదివినోళ్లందరు సంతోషపడేటట్టు ఉండాలె," అన్నారు బిల్డింగ్ కమిటీ పెద్ద చంద్రశేఖర్ గారు.

అందరూ సంతోషపడే చరిత్ర నా వల్ల కాదు. కడుపు మండుతున్న మనిషి చేత మంగళహారతి పాడిస్తే ఎలా ఉంటుందో నా రాత అలాగే ఉంటుంది. మా సంఘం చరిత్ర అంటే వెంకటనర్సమ్మ పెద్దమ్మ చరిత్ర. నాకు తెలిసింది అదే, రాస్తున్నదీ అదే. వేసుకుంటే వేసుకోండి, లేకపోతే మానండి.

ముందు ఆ పేరు సంగతి. వెంకటనర్సమ్మ అన్న పేరు చర్చిలో పిలిస్తే కొత్తగా వచ్చినవాళ్లు ఇప్పటికీ తలతిప్పి చూస్తారు. ఆమె బాప్తిస్మం తీసుకున్న రోజున అప్పటి పాస్టర్ అయ్యగారు మార్త అని పెడదామన్నారట. ఆమె నీళ్ల గిన్నె ముందు నిలబడి ఒప్పుకోలేదు. "నా పేరు మార్చకు అయ్యా. గీ పేరుతోనే పాపాలు జేసిన. గీ పేరు మీదనే క్షమించుమను," అంది. అయ్యగారు ఆ పేరుతోనే బాప్తిస్మం ఇచ్చారు.

ఆమె, భర్త రామస్వామి నల్గొండ దిక్కు నుంచి వచ్చారు. నాచారంలో ఫ్యాక్టరీలు లేస్తున్న కాలం. ఆయన ఒక అద్దాల ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని చేసేవాడు. మా నాన్న పాలకొల్లు నుంచి వచ్చి అదే ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరాడు. ఆదివారం కూడా షిఫ్టులుండేవి. సికింద్రాబాద్ చర్చికి పోయి రావాలంటే సగం రోజు పోతుంది. అందుకని నర్సమ్మ పెద్దమ్మ వాళ్ల ఇంటి వరండాలో ఆరాధన మొదలుపెట్టారు. గంట లేదు. పొద్దుటి షిఫ్టు వదిలిన సైరనే గంట.

కొలిమి దగ్గరి నుంచి, మిషన్ల దగ్గరి నుంచి నేరుగా వచ్చేవాళ్లు. గ్రీజు చేతులు, చెమట చొక్కాలు. పెద్దమ్మ మెట్టు పక్కన ఒక బకెట్ నీళ్లు, ఒక సబ్బు ముక్క పెట్టేది. చేతులు కడుక్కోమని ఎవరికీ చెప్పేది కాదు. కడుక్కోకుండా వచ్చినవాణ్ని చూసి మొహం చిట్లించేదీ కాదు. మా నాన్నకు మాత్రం మొహం చిట్లేదట. ఆ మాట ఆయనే చెప్పుకుని నవ్వేవాడు.

వరండా చాలకపోయేసరికి రేకుల షెడ్డు వేద్దామన్నారు. స్థలం ఎక్కడ? పెద్దమ్మ తన ఇంటి జాగాలో సగం ఇచ్చింది. పాత రికార్డుల్లో రామస్వామి ఇచ్చాడని ఉంటుంది. ఇప్పుడు కూడా అలాగే రాయమని నాకు చెప్పారు. రాయను. ఆ జాగా ఆమె తల్లి తన గొర్లు అమ్మి బిడ్డ పేరు మీద కొనిచ్చింది. ఇచ్చేటప్పుడు ఆమె ఒకే ఒక్క మాట అడిగింది.

"జాగ ఇస్త. కని తలుపు మా గల్లీ దిక్కే పెట్టాలె. డ్యూటీ దిగినోడు మురికి బట్టలతోని రోడ్డు మీదికెల్లి తిరిగి రమ్మంటే రాడు. ఇంటికి పోయి పంటడు."

సంఘ పెద్దలందరూ సరే అన్నారు. వాళ్లలో మా నాన్న కూడా ఉన్నాడు. తలుపు గల్లీ వైపే పెట్టారు. జాగా వాలును బట్టి అది పడమటి గోడలో, దక్షిణం మూలకు వచ్చింది. ఆ మూలకు ఒక పేరుందని అప్పుడు ఎవరికీ పట్టలేదు.

ఆ తలుపు గురించి చెప్పాలి. ఫ్యాక్టరీకి కొత్త మిషన్లు దేవదారు చెక్క పెట్టెల్లో వచ్చేవి. రామస్వామి పెదనాన్న మేనేజర్ని అడిగి ఆ చెక్కలు తెచ్చి తలుపు చేయించాడు. ఎంత గీకినా ఒక చెక్క మీద నల్లరంగు బాణం గుర్తు పోలేదు, మిషన్ పెట్టెను ఎటు పైకి పెట్టాలో చూపించే బాణం. చిన్నప్పుడు మా సండే స్కూలు పిల్లలందరం అది పరలోకానికి దారి అని గట్టిగా నమ్మాం. వాన పడితే రేకుల మీద చప్పుడుకు ప్రసంగం వినపడేది కాదు. అయ్యగారు పుస్తకం మూసేవారు, వాన వెలిసేదాకా పాటలు పాడేవాళ్లం. వాన ఎక్కువసేపు పడాలని నేను ప్రార్థన చేసేదాన్ని.

ఇప్పుడు చెప్పబోయేది సావనీర్లో రాయొద్దని ప్రత్యేకంగా చెప్పిన సంగతి.

పెద్దమ్మ కూతురు పద్మశ్రీకి చిన్నతనంలో ఫిట్స్ వచ్చేవి. దవాఖానా మందులు వాడుతూనే ఉన్నారు, తగ్గేది కాదు. ఒకరోజు పిల్ల నోట్లో నురగ, కళ్లు తేలేసింది. పక్కింటి ఖాజాబీ "జర గుట్ట మీదికి పోయొద్దాం పా" అంది. పెద్దమ్మ పిల్లను భుజాన వేసుకుని మౌలాలి గుట్టెక్కింది. దర్గాలో పిల్ల చేతికి ఎర్ర దారం కట్టించింది. పిల్ల కోలుకుంది. దారం వల్లనా, మందుల వల్లనా, ప్రార్థన వల్లనా అని తర్వాత ఎవరో అడిగితే, "పిల్ల బతికింది. ఎవరు బతికిచ్చిన్రని నేను అడగలె," అంది.

ఆదివారం ఆ దారం ఎవరి కంట్లోనో పడింది. పెద్దల సభ కూర్చుంది. మా సంఘంలో పద్ధతి అది. తప్పు చేసినవాళ్లను పెద్దలు విచారించి, పశ్చాత్తాపం కనబడేదాకా ప్రభువు బల్లకు దూరం పెడతారు. అందరితో పాటు రొట్టె, ద్రాక్షరసం తీసుకోకూడదన్న మాట. ఆమెను ఆరు నెలలు దూరం పెట్టారు. చేతులెత్తమంటే రామస్వామి పెదనాన్న కూడా చెయ్యెత్తాడు. ఆయన అప్పుడు సంఘ పెద్ద మరి. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే పెద్దమ్మ, "ఏ చెయ్యి లేపినవో గా చేత్తోనే వండుకో," అంది. ఆయన కొన్నాళ్లు మాడిన అన్నం తిన్నాడని గల్లీ అంతా చెప్పుకున్నారు.

ఆ ఆర్నెల్లూ ఆమె చర్చికి రావడం మానలేదు. బల్ల ఉన్న ఆదివారం తలుపు దగ్గర ఆఖరి చాప మీద కూర్చునేది. రొట్టె పళ్లెం తన ముందుకు వస్తే రెండు చేతులా పట్టుకుని పక్కావిడకు అందించేది. నేను మా అమ్మ పక్కన కూర్చుని చూశాను. గడువు తీరాక అందరి ముందు కూతురి చేతి దారం తెంపి అయ్యగారి చేతిలో పెట్టింది. అప్పుడు ఆమెకు రొట్టె ఇచ్చారు.

ఆ తీర్పు సరైనదా కాదా అంటే నేను చెప్పలేను. నియమం నియమమే అనుకుంటే అనుకోవచ్చు. కానీ నియమం అందరికీ ఒకటే అయి ఉండాలి కదా. నా గొడవంతా అక్కడే.

తర్వాత స్లాబు చర్చి కట్టారు. అది రెండో కట్టడం. స్లాబు పోసే రోజు కాంక్రీటు ఆపకూడదు గనుక సంఘం మొత్తం దిగింది. గల్లీలో ఏ దేవుణ్ని మొక్కేవాళ్లయినా వచ్చి గంపలందించారు. ఖాజాబీ చాయ్ కాచింది. మేస్త్రీ బిక్షపతి బోనాలకు పోతురాజు ముందు డప్పు కొట్టేవాడు, మా స్లాబు మాత్రం ఆయన చేతి మీదే లేచింది. పాత షెడ్డంతా విప్పేశారు గానీ తలుపు మాత్రం అదే, అదే మూలకు, గల్లీ వైపు. బాణం పైకే చూస్తూ ఉండేది.

ఇక మూడో కట్టడం. రోడ్డు వైపు జాగా దొరికింది. పాత చర్చి పడమటి గోడను ఉంచేసి, తూర్పున రోడ్డు దాకా పెద్ద హాలు కలిపారు. అద్దాల ముఖభాగం, ఏసీలు, మెత్తటి కుర్చీలు. దాని ముందుండి నడిపించింది చంద్రశేఖర్ గారు. నారపల్లి దగ్గర వెంచర్లు వేసి ప్లాట్లు అమ్ముతారు. ఆయన్ని చెడ్డవాడని అనను. కరోనా రోజుల్లో మా గల్లీలో ఇంటింటికీ బియ్యం సంచులు తన భుజాన మోసిన మనిషి. అందుకే నాకు ఇంకా ఎక్కువ మండుతోంది.

పునాదులప్పుడు ఒకాయన దిక్సూచి పట్టుకుని హాలంతా తిరిగాడు. ఎవరండీ అంటే ప్లానింగ్ కన్సల్టెంట్ అన్నారు. ఆ కన్సల్టెంట్ మొహం నేను నారపల్లి వెంచర్ హోర్డింగ్ మీద చూశాను. పక్కన వాస్తు నిపుణులు అని ఇంతింత అక్షరాలతో ఉంది. ఊరుకోలేదు, కమిటీ వాళ్లకు చెప్పాను. అయినా ఎవరూ చెవిన పెట్టలేదు.

ఆ తర్వాత సంఘ సభలో గల్లీ వైపు తలుపు మూసేస్తున్నామని ప్రకటించారు. పెద్దమ్మ లేచి నిలబడింది.

"ఎందుకు కొడుకా?" అంది చంద్రశేఖర్ గారిని.

"ఏసీ పోతది పెద్దమ్మా."

"బ్యాంకుల ఏసీ ఉంటది. గాడ తలుపు లేదా?"

"సెక్యూరిటీ గూడ సూడాలె కదా."

"గిన్నేండ్ల సంది తాళం లేకుంటనే ఉండె. చాప గూడ పోలె."

ఆయన పార్కింగ్ అన్నారు, ఎలివేషన్ అన్నారు. ఏ మాటా నిలబడకపోయేసరికి చివరికి అసలు సంగతి కక్కారు. "నైరుతి మూల ద్వారం మంచిది కాదు పెద్దమ్మా. ఇద్దరు సంఘ పెద్దలు పోయిన్రు. పాత అయ్యగారికి గుండెల స్టంట్ పడ్డది. ఇది నమ్మకం కాదు, సైన్స్. గాలి, వెలుతురు లెక్క."

నేను కుర్చీలోంచి లేచాను. "ఆ ఇద్దరిలో ఒకాయన ఎనభై దాటి నిద్రలో పోయారు. ఇంకొకాయన ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర రాంగ్ రూట్లో స్కూటర్ తోలి పోయారు. ఇందులో నైరుతి చేసిందేమిటండీ? ప్రతి ఆదివారం శకునాలు, ముహూర్తాలు నమ్మొద్దని పిల్లలకు పాఠం చెప్పేది నేను. రేపు వాళ్లకేం చెప్పమంటారు?" అన్నాను. పోయినవాళ్ల గురించి అలా మాట్లాడకూడదమ్మా అని నన్ను కూర్చోబెట్టారు.

చేతులెత్తమన్నారు. అపార్ట్‌మెంట్ల వాళ్లు ఎత్తారు. గల్లీ వాళ్లలోనూ కొందరు ఎత్తారు. చావు చూడని ఇల్లేముంది, చంద్రశేఖర్ గారి మాట వాళ్ల గుండెల్లోనూ గుచ్చుకుంది. మా కాపరి జీవన్ అయ్యగారు వచ్చి రెండేళ్లే అయింది, చిన్నవాడు. తల వంచుకుని బైబిలు అట్ట మీద గోటితో గీస్తూ కూర్చున్నాడు. పెద్దమ్మ ఆ తలుపులోంచే బయటికి నడిచింది, చెప్పులేసుకుని ఇంటికి పోయింది.

తలుపు స్థానంలో ఇటుకలు పేర్చారు. లోపలి వైపు ఆ గోడ పొడవునా నున్నగా చెక్క పలకలు బిగించి, వాటి మీద పెద్ద సిలువ తగిలించి, ముందు ప్రసంగ వేదిక కట్టారు. అంటే ఇప్పుడు మేమందరం ఆ మూసిన తలుపు వైపు తిరిగే ప్రార్థన చేస్తున్నాం. గల్లీ వైపు సిమెంటు పూత కూడా పూయలేదు. గల్లీలో ఎవరు చూస్తారని కాబోలు. పాత తలుపును మేస్త్రీలు సిమెంటు కలిపే చెక్కగా వాడుతుంటే బిక్షపతి చూసి, కడిగి, పెద్దమ్మ వరండాలో పడేశాడు. ఆమె దాన్ని నాలుగు ఇటుకల మీద పరిచి బల్లలా వాడుకుంటోంది. బాణం ఇప్పుడు ఎటూ చూడదు, పడుకుని ఉంది.

కొత్త హాలు ప్రతిష్ఠ పండుగలా జరిగింది. పెద్దమ్మ రాలేదు. తర్వాతి ఆదివారాలూ రాలేదు. మోకాళ్ల నొప్పులంట, రోడ్డు చుట్టూ తిరిగి రాలేకపోతోందట అని కమిటీ వాళ్లే చెప్పుకున్నారు. మంచాన పడ్డవాళ్లకు రొట్టె, ద్రాక్షరసం ఇంటికి తీసుకెళ్లి ఇవ్వడం మా ఆచారం. మొదటి బల్ల ఆదివారం ఆరాధన అయ్యాక జీవన్ అయ్యగారు, చంద్రశేఖర్ గారు తెల్లగుడ్డ కప్పిన పళ్లెంతో బయల్దేరారు. నేనూ వెంట పోయాను.

పెద్దమ్మ వరండాలో చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. అయ్యగారు పళ్లెం ఆ పాత తలుపు మీద పెట్టాడు.

"వందనాలు పెద్దమ్మా. మీరు రాలేకపోతున్నరని బల్ల తెచ్చినం."

"రాలేనని ఎవరు జెప్పిన్రు?"

"మోకాళ్ల నొప్పులని..."

"తలుపు ఉన్నప్పుడు గూడ నొప్పులుండె అయ్యా. పొద్దుగాల మల్లాపూర్ దాంక నడిచిపోయి గీ చిక్కుడుకాయ తెచ్చిన. మంచాల పడ్డోళ్లకు బల్ల ఇంటికి తెస్తరు. నేను పడలె."

చంద్రశేఖర్ గారు ముందుకు వంగారు. "ప్రభువు బల్లను కాదనొద్దు పెద్దమ్మా. తప్పు."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది.

"కాదంటలే కొడుకా, అడుగుతున్న. నా బిడ్డ చేతికి దారం కట్టిచ్చిన్నని నన్ను ఆర్నెల్లు దూరం బెట్టిన్రు. బిడ్డ సస్తదేమోనని భయపడి కట్టిచ్చిన. తప్పన్నరు, ఒప్పుకున్న. మీరు గోడ గట్టిన్రు. అది గూడ సావు భయానికే. మరి మిమ్ముల ఎవరు దూరం బెట్టిన్రు?"

గల్లీలో నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటున్న వాళ్లు బిందెలు దించి చూస్తున్నారు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, కొట్టలేదు.

"నేను దారం తెంపి అందరి ముందల అయ్యగారి చేతుల బెట్టిన," అంది ఆమె. "గట్లనే మీరు గా ఇటుకలు తీసి నా చేతుల బెట్టున్రి. గప్పుడు అందరం కలిసి తిందాం. గప్పటిదాంక నేను ఆగుత. మీరు గూడ ఆగితే మంచిది."

పళ్లెం మీది గుడ్డ సరిచేసి, రెండు చేతులా పట్టుకుని అయ్యగారికి తిరిగి అందించింది. నా చిన్నప్పుడు ఆఖరి చాప మీద కూర్చుని అందించినట్టే అందించింది.

ఆ వారమంతా కమిటీలో ఒకటే గుసగుసలు. ముసలితనంలో మతి చెడిందన్నారు. ఇంకెవరో వెనకుండి ఎక్కిస్తున్నారన్నారు, అది నన్నే. ఎక్కించడానికి ఆమె ఏమన్నా నా తరగతి పిల్లా? నా ముఖాన అనే ధైర్యం మాత్రం ఒక్కరికీ లేదు. సావనీర్ చరిత్రలో వెంకటనర్సమ్మ పేరు వద్దని కబురొచ్చింది కూడా ఆ వారమే.

తర్వాతి ఆదివారం పొద్దున గల్లీలో టకటకమని చప్పుడు. పోయి చూస్తే జీవన్ అయ్యగారు. తెల్ల చొక్కా చేతులు మడిచి, బిక్షపతి దగ్గర ఉలి, సుత్తి అడిగి తెచ్చుకుని గోడ ముందు నిలబడి ఉన్నాడు. పని చేతకాదు. రెండుసార్లు వేలి మీద కొట్టుకున్నాడు. సాయం చేస్తానని బిక్షపతి ముందుకొస్తే వద్దన్నాడు. జుట్టు నిండా దుమ్ము పడ్డాక ఒక ఇటుక ఊడి వచ్చింది. వెనక చెక్క పలక అడ్డం ఉంది, వెలుతురేమీ రాలేదు.

ఆ ఇటుక పట్టుకుని వరండాకు వచ్చి పెద్దమ్మ చేతుల్లో పెట్టాడు. గల్లీ జనం గుమిగూడారు.

"నాకు గూడ భయమైంది పెద్దమ్మా," అన్నాడు. "పెద్దలు పొమ్మంటే పోవాల్సి వస్తదని ఆ రోజు తల ఎత్తలె."

ఆమె ఇటుకను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఒక్కటేనా?"

"నా వంతు ఒక్కటే. మిగిలినయి చెయ్యెత్తినోళ్లు తియ్యాలె."

"కూసో అయ్యా," అంది. ఆయన పాత తలుపు మీద, ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె లోపలికి పోయి బకెట్ నీళ్లు, సబ్బు ముక్క తెచ్చి మెట్టు పక్కన పెట్టింది.

అప్పుడే రోడ్డు వైపు హాల్లో మైకు మోగింది. చంద్రశేఖర్ గారి గొంతు. ఆరాధనకు సమయమైంది, అయ్యగారు ఎక్కడున్నా వెంటనే వేదిక దగ్గరికి రావాలని. ఒకసారి చెప్పి ఆగారు. మళ్లీ చెప్పారు. గోడకు అవతల నుంచే వినిపిస్తోంది, పిలిస్తే పలికేంత దగ్గర.

"నిన్నే పిలుస్తున్నరు. పో అయ్యా," అంది పెద్దమ్మ.

జీవన్ అయ్యగారు గోడ వైపు చూశాడు.

"ఎటుకెల్లి పోవాలె పెద్దమ్మా? తలుపు లేదు గదా," అన్నాడు. అని, చేతులు కడుక్కోవడానికి బకెట్ దగ్గర కూర్చున్నాడు.